వంకర వేరున్న పన్నును పీకించవలసిందేనా?



మేము ఉర్దూ బడి పంతుళ్ళం, డాక్టర్లం కాము. తెలుసుకున్నది నాలుగు మాటల్లో చెబుతాం.

దవడపన్ను చీము పడితే "పీకించేయండి, పీడ పోతుంది" అంటాం. వేరు వంకర అని తెలిస్తే మరీ తొందరపడతాం. కాని దవడపళ్ళకు వంకర వేర్లు మామూలే.

వేరులో సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని ఫైళ్ళనే సన్నని పనిముట్లతో శుభ్రంచేసి, నింపి మూయడమే రూట్ కెనాల్. స్టీలు ఫైలు తిన్నగా పోవాలని చూస్తుంది. వంపు దగ్గర గోడను గీరుతుంది, వేరుకు రంధ్రం పడవచ్చు, ఫైలే విరగవచ్చు. ఎక్స్‌రేలో వంపును కొలిచే పద్ధతిని 1971లో ష్నైడర్ చెప్పారు. ఆ లెక్కన 25 డిగ్రీల నుంచి తీవ్రమైన వంపు. నికెల్-టైటానియం ఫైళ్ళు స్టీలు కంటె రెండు మూడు రెట్లు సులువుగా వంగుతాయని 1988లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. అవీ విరగవచ్చు, కనుక డాక్టరుకు ఓపిక, మనకూ ఓపిక కావాలి.

"వేరు ఎంత వంగింది? మీరే చేస్తారా, నిపుణుల వద్దకు పంపుతారా?" అని ముందే అడగండి. మళ్ళీ రమ్మంటే విసుక్కోకండి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకండి. నిలవని పన్నునే పీకించాలి. పీకిన పన్ను మళ్ళీ మొలవదు.

సెలవు.