కార్డు ఉన్నా డాక్టరు కావాలి



1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘ సభ్యుడొకరు రైలు నుండి జారిపడగా తలకు తీవ్ర గాయమైనది. ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి పడకలు లేవని త్రిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు వైద్యానికి సుమారు 17,000 రూపాయలు వ్యయమైనవి. సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అత్యవసర చికిత్స నిరాకరించడం 21వ అధికరణం ఇచ్చిన జీవన హక్కుకు భంగమనీ, నిధుల కొరత సాకు కాజాలదనీ 1996లో తీర్పు వచ్చింది. 25,000 రూపాయల పరిహారమూ ఇప్పించారు.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వలన ఎందరో పేదలకు పెద్ద శస్త్రచికిత్సలు అందాయి, కాదనను. అయితే అది ప్రధానంగా జాబితాలోని చికిత్సకై ఆసుపత్రిలో చేరినవారికే అక్కరకు వస్తుంది. జ్వరానికి, షుగరు మాత్రలకు దగ్గరి సర్కారు దవాఖానాయే దిక్కు. అక్కడ డాక్టరు కుర్చీ ఖాళీ అయితే కూలి డబ్బు మందుల దుకాణానికే పోతుంది.

గుమాస్తాగా పనిచేసిన నాకు తెలిసిన మార్గం కాగితమే. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అని సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. 30 రోజులలో జవాబివ్వాలి. ఇవ్వకుంటే అప్పీలు ఉన్నది. దరఖాస్తు వ్రాయడం రానివారు జుమా నమాజు తరువాత నన్ను కలవండి, వ్రాసి ఇస్తాను.