సీసపు సీలు చెప్పే సాక్ష్యం

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగకాలమంతా మనం సీళ్ల మధ్యే గడిపాం. కరెంటు మీటరుకు తీగ గుచ్చి నొక్కిన సీసపు సీలు మనందరికీ తెలిసినదే. ఇంగ్లండు పొలాల్లోనూ, లండన్‌లో థేమ్స్ నది ఒడ్డు బురదలోనూ వందల ఏళ్లనాటి ఇలాంటి సీసపు బిళ్లలు దొరుకుతుంటాయి. అవి బట్టల తానులకు వేసిన సీళ్లు. వాటిని గుర్తుపట్టే విధానాన్ని నేడు మనవి చేస్తాను.

1353లో మూడవ ఎడ్వర్డు రాజు అమ్మకానికి వచ్చే ఉన్ని బట్ట మీద తానుకింత అని పన్ను విధించాడు. మామూలు తానుకు 4 పెన్నీలు. కెర్మిస్ అనే పురుగుల నుంచి తీసిన ఎర్రరంగుతో పూర్తిగా అద్దిన ఖరీదైన తానుకు 6 పెన్నీలు. ఆల్నేజరు అనే అధికారి తానును కొలిచి, పన్ను తీసుకుని, సీలు వేసేవాడు. సీలు లేని బట్ట అమ్మితే జప్తే. ఈ ఏర్పాటు 1724 వరకు సాగింది.

గుర్తుపట్టడంలో మొదట చూడవలసింది అక్షరాలు కాదు, ఆకారం. సీలులో రెండు బిళ్లలు, వాటిని కలుపుతూ సన్నని పట్టీ ఉంటాయి. ఒక బిళ్లకు చిన్న మొన, రెండోదానికి రంధ్రం. పట్టీని బట్ట అంచు మీదుగా మడిచి, మొనను బట్టలోంచి రంధ్రంలోకి దూర్చి, అచ్చుతో కొట్టేవారు. మొన చదునై బిగిసిపోయేది. కనుక విరిగిన పట్టీ మొదలు, మధ్యలో చదునైన మచ్చ కనిపిస్తే అది బట్ట సీలేనని అనుకోవచ్చు. నాణేనికి ఇవి ఉండవు. పోపు శాసనాలకు కట్టిన సీసపు ముద్రలోనైతే తాడు దూరిన దారి ఉంటుంది. ఒకవైపు పీటరు, పాల్ అనే సెయింట్ల ముఖాలు, రెండోవైపు పోపు పేరు కనిపిస్తాయి.

తరువాత దీపాన్ని పక్కవాటుగా పట్టి గుర్తులు చూడాలి. రాజచిహ్నమూ, కౌంటీ పేరూ ఉంటే ఆల్నేజరుది. దేవదారు కాయ వంటి గుర్తుంటే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుంచి దిగుమతి అయిన బట్టది కావచ్చు. లోపలివైపు ఒక్కోసారి బట్ట నేత అచ్చు నిలిచి ఉంటుంది. బట్ట ఎప్పుడో చివికిపోయినా, దాని పోగులు లెక్కపెట్టవచ్చునన్నమాట!

జెఫ్ ఈగన్ అనే పురావస్తు పండితుడు బ్రిటిష్ మ్యూజియంలోని ఈ సీళ్లపై రాసిన గ్రంథం 1994లో వెలువడింది. ఇంగ్లండు, వేల్సులలో ప్రజలకు దొరికిన పాతవస్తువులను నమోదు చేసే పథకం 1997లో మొదలైంది.

లండన్‌లో ఉన్న మన పిల్లలకు ఒక మాట చెప్పండి. అనుమతి లేనిదే థేమ్స్ ఒడ్డున వెతకరాదు. ఎక్కడైనా ఇలాంటి బిళ్ల దొరికితే గీకవద్దు, చింతపండు పెట్టి తోమవద్దు. సీసం విషం, చేతులు కడుక్కోవాలి. దొరికిన చోటు వెంటనే రాసిపెట్టాలి. లోహంగా దాని విలువ స్వల్పం. చోటు తెలియకపోతే, ఆ బట్ట ఎక్కడినుంచి ఎక్కడికి ప్రయాణించిందో చెప్పే సాక్ష్యంలో సగం పోయినట్లే.

నేసినవారి పేరు నిలవలేదు, కొన్నవారి పేరు నిలవలేదు. ఒక ఉద్యోగి కొలిచి, సరిచూసి వేసిన ముద్ర మాత్రం నిలిచింది. ముద్రలు వేసి, సంతకాలు పెట్టి పదవీవిరమణ చేసిన మనకు ఇంతకన్నా తృప్తినిచ్చే మాట ఏముంటుంది?