పైనుంచి చూస్తే అంతా పచ్చనే
(జి.మాడుగులలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



"ఉపగ్రహంలో మీ మండలం పచ్చగానే కనబడుతోంది, ఇంక కరవు ఎక్కడిది?" అన్న మాట మనం విన్నాం. చేలో చూస్తే చోడి కంకి తాలు. మరి ఏది నిజం? ముందు ఆ కొలత ఏమిటో తెలుసుకుందాం.

బతికున్న ఆకు ఎండలోని ఎర్ర వెలుగును తిని, కంటికి కనబడని పరారుణ వెలుగును వెనక్కి కొడుతుంది. వాడితే ఎరుపు ఎక్కువగా, పరారుణం తక్కువగా తిరిగొస్తాయి. రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తారు. పరారుణం 50, ఎరుపు 10 అయితే 40ని 60తో భాగించాలి, 0.67 వస్తుంది. అది మంచి పచ్చదనం. 30, 20 అయితే 0.2 మాత్రమే. అమెరికా నోవా వాతావరణ ఉపగ్రహాలు 1980ల నుంచి ఇలా కొలుస్తున్నాయి. మన దేశంలో 1989లో కరవు అంచనాకు ఈ పద్ధతి మొదలైంది.

లెక్క తప్పు కాదు. చిక్కు గడిలో ఉంది. మొదట్లో వాడిన ఆ ఉపగ్రహాల ఒక్కో గడి సుమారు 1.1 కిలోమీటర్లు ఉండేది, అంటే దాదాపు 300 ఎకరాలు. మన దగ్గర ఆ 300 ఎకరాల్లో అడవి ఉంది, కాఫీ తోట మీద సిల్వర్ ఓక్ ఉంది, మధ్యలో అర ఎకరం సామ, ఎకరం చోడి. అన్నిటికీ కలిపి ఒకటే అంకె. చెట్టు పచ్చదనం చేను ఎండను కప్పేస్తుంది. పైగా వానాకాలం మబ్బు. అందుకే కొన్ని రోజుల బొమ్మల్లో ఎక్కువ పచ్చగా ఉన్నదాన్నే తీసుకుంటారు. ఇంకో సంగతి, పూత మీద వాన తప్పితే ఆకు పచ్చగానే ఉంటుంది, గింజ పట్టదు. ఆకును కొలిచే యంత్రానికి గింజ కనబడదు.

కేంద్రం 2016లో తెచ్చిన కరవు మాన్యువల్ కూడా పచ్చదనం ఒక్కదాన్నే చూడమనలేదు. వాన లోటు, సాగు విస్తీర్ణం, నేల తేమ చూడాలంది. ఎంపిక చేసిన ఊళ్లలో చేలోకి దిగి పంట పరిశీలించాలంది.

అందుకని మనం చేయాల్సినవి మూడు. పోడు పట్టా భూములతో సహా ప్రతి చేనూ ఈ-క్రాప్‌లో ఎక్కించుకుందాం. ఎండిన చేను ఫొటో తేదీతో తీసి ఉంచుకుందాం. గ్రామసభలో తీర్మానం చేసి, చేలోకొచ్చి చూడమని రాతపూర్వకంగా అడుగుదాం.

ఉపగ్రహం మనకు శత్రువు కాదు. అది కొండను చూస్తుంది. చేను చూడాల్సింది మనిషి. ఆ మనిషిని మన గట్టు మీదికి రప్పించడమే మన పని.