మిషను బుర్రలో ఉన్నదానికి నకలు
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్ఖానా మరమ్మతుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మరమ్మతు అంటే మనకు గ్రీసు, బెల్టు, బేరింగే గుర్తుకొస్తాయి. వీటిలో ఏది పోయినా బజారులో దొరుకుతుంది. బజారులో దొరకనిది ఒకటుంది. అది సైజింగు, వార్పింగు, డైయింగు మిషన్ల ప్యానెల్ పెట్టెలో ఉండే పీఎల్‌సీ. ఖాళీ పీఎల్‌సీ కొనొచ్చు గానీ, అందులోని ప్రోగ్రాం మాత్రం కొనలేం.

మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. 1804లో ఫ్రాన్సులోని లియాన్ ఊళ్ళో జోసెఫ్ మారీ జకార్డ్ అట్టలతో నడిచే మగ్గం చేశాడు. ఆ అట్టలే ప్రోగ్రాం. మన తాతలు అట్టలతోపాటు గ్రాఫు కాగితాన్ని కూడా పెట్టెలో దాచేవారు. అట్టలు ఎలుకలు కొట్టినా గ్రాఫు ఉంటే మళ్ళీ కొట్టించుకోవచ్చు. సాంచాల కాలం వచ్చి, ఇప్పుడు రేపియర్ల కాలం నడుస్తున్నది. అట్టలు పోయి చిప్పులు వచ్చినయి. గ్రాఫు దాచే అలవాటు మాత్రం పోయింది.

ముందు పోయేది ఎట్లనో చెప్తా. పాత పీఎల్‌సీలు చాలావాటిలో ప్రోగ్రాం గానీ, లెక్కలు గానీ కరెంటు ఉన్నంతవరకు నిలిచే మెమరీలో ఉంటాయి. కరెంటు లేనప్పుడు దాన్ని కాపాడేది చిన్న లిథియం బ్యాటరీ. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ 2 ఎన్ ఇట్లాంటిదే. మిషను రోజూ నడిచినంతసేపు బ్యాటరీ నీరసపడ్డా ఎవరికీ తెలవదు. దసరాకో దీపావళికో మెయిన్ స్విచ్ తీసి నాలుగు రోజులు తాళం వేస్తాం. తిరిగి వచ్చి స్విచ్ వేస్తే మిషను కదలదు. అందుకే ప్యానెల్ మీద బ్యాటరీ దీపం వెలిగితే పండగ దాకా ఆగొద్దు. ముందు నకలు తీసి, ఆ తర్వాతే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో బ్యాటరీ మార్చండి.

మెమరీ కార్డుతో నడిచే సీమెన్స్ ఎస్7-300 వంటివాటిలో ప్రోగ్రాం ఆ కార్డులోనే ఉంటది. దానికి బ్యాటరీ భయం లేదు. కానీ ఆ కార్డును మామూలు కంప్యూటరులో పెట్టి ఫార్మాట్ చేస్తే మళ్ళీ పీఎల్‌సీలో పనికిరాదు. మిషను నడుస్తుండగా కార్డు పీకొద్దు.

నకలు అంటే ఒక్క ఫైలు కాదు. నాలుగు సంగతులు కావాలి. ఒకటి, పీఎల్‌సీ ప్రోగ్రాం. రెండు, అందులో దాచిన అంకెలు, అంటే టెంపరేచరు, టైము, బీము మీటర్లు. మూడు, తెర మీద కనపడే బొమ్మల ప్రాజెక్టు. నాలుగు, మోటారు డ్రైవుల సెట్టింగులు. వీటిలో అంకెలు రోజూ మారతాయి. మిషను వచ్చిన నాడు తీసిన నకలులో నిన్న మీరు సరిచేసిన సైజింగు టెంపరేచరు ఉండదు. కనీసం సెట్టింగు మార్చిన ప్రతిసారీ తెరను ఫోనులో ఫోటో తీయండి, తేదీ రాయండి.

ఇంకో సంగతి. మిషనులోంచి తిరిగి చదివిన ప్రోగ్రాంలో చాలాసార్లు రాసినవాడు పెట్టిన పేర్లు, వివరాలు రావు. ఏ స్విచ్ ఏ పని చేస్తదో వెతుక్కోవాల్సి వస్తది. చాలా తెరల నుంచి ప్రాజెక్టును వెనక్కి తీయడమే కుదరదు. కాబట్టి కొనేటప్పుడే అడగండి: వివరాలున్న అసలు ఫైలు, తెర ప్రాజెక్టు, పాస్‌వర్డు, ఏ సాఫ్ట్‌వేరు ఏ వెర్షనులో చేశారో. బేరం కుదరకముందే కాగితం మీద రాయించండి. బేరం అయ్యాక అడిగితే మన మాట చెల్లదు. వాడిన మిషను కొంటే ఈ జాగ్రత్త రెట్టింపు. ఆ ఫైలు లేకుంటే, మిషను ఆగిన ప్రతిసారీ అది ఉన్నవాడు వచ్చేదాకా ఎదురు చూడాల్సిందే. అన్ని రోజులు కార్మికులకు కూలి ఉండదు.

నకలు తీసేటప్పుడు ఒక ప్రమాదం ఉన్నది. మిత్సుబిషి సాఫ్ట్‌వేరులో రీడ్ అంటే పీఎల్‌సీ నుంచి కంప్యూటరుకు, రైట్ అంటే కంప్యూటరు నుంచి పీఎల్‌సీకి. సీమెన్స్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ అంటారు. డౌన్‌లోడ్ అంటే పీఎల్‌సీలోకి రాయడం. ఫోనులో డౌన్‌లోడ్ అనే మాట అలవాటైన పిల్లలు ఇక్కడ తడబడతారు. తప్పు గుండీ నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాం చెరిగిపోయి, పాతది ఎక్కుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు తొందర వద్దు. ముందు ప్రస్తుతం ఉన్నదాన్ని, అది పాడైనదైనా సరే, ఒక నకలు తీయండి. పీఎల్‌సీ మోడలు నంబరు కలిసిందా చూడండి. మోటార్లకు కరెంటు ఆపి, నూలు తీసేసి ఎక్కించండి. తర్వాత ఎమర్జెన్సీ స్విచ్, తలుపు స్విచ్, టెంపరేచరు ఒక్కొక్కటీ పరీక్షించండి. డ్రయింగు సిలిండర్లు, రోలర్లు ఉన్నచోట ఇది ప్రాణాల లెక్క. మొదట నూలు లేకుండా మెల్లగా తిప్పి, ఆ తర్వాతే బీము ఎక్కించండి.

ఒక మాట మగ్గాల మీద పనిచేసే అన్నలకు, అక్కలకు. మగ్గం కంట్రోలరుది కూడా ఇదే కథ. పాత నకలు ఎక్కిస్తే మీటర్ల లెక్క కూడా పాతదే రావచ్చు. కూలి ఆ అంకె మీదనే కడతారు కదా! అందుకే షిఫ్టు దిగేటప్పుడు మీటర్లను పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి. కంట్రోలరు మరిచిపోయినా పుస్తకం మరువదు. ఆసామికీ కార్మికుడికీ మాట రాదు.

ఇక దాచే సంగతి. ఒక నకలు కార్ఖానాలో, ఇంకోటి ఇంట్లో ఉంచండి. నిప్పుకో నీటికో ఒకచోటిది పోయినా రెండోది మిగులుతుంది. ఫైలు పేరులో మిషను నంబరు, తేదీ ఉండాలి. దాచిన నకలు తెరుచుకుంటుందో లేదో ఏడాదికొకసారి చూడండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

మన పిల్లలు ఐటీఐలు, డిప్లొమాలు చదువుతున్నారు. ఒక్కో కార్ఖానా ల్యాప్‌టాపు, కేబులు కొనడం భారమే. సమాఖ్య ఒక సెట్టు కొని, ఇద్దరు పిల్లలకు నేర్పించి, ప్రతి పండగ సెలవులకు ముందు వాడవాడకూ పంపాలని నా విన్నపం. ఫైళ్ళు మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉండాలి, పాస్‌వర్డులు కూడా అంతే.

ఈ దసరాకు ఆయుధపూజలో మిషనుకు పసుపు కుంకుమ పెట్టే ముందు, దాని నకలు తీశామా అని ఒక్కసారి అడగండి.