పాత లెక్కల బ్యాటరీ



అమెరికాలో పిన్‌బాల్ అనే ఆటయంత్రం ఉంది. వాలుబల్లపై దొర్లే ఉక్కు గుండు కిందికి జారిపోకుండా మీటలతో కొట్టడమే ఆట. 1980లలో తయారైన యంత్రాలను కొందరు కొని ఇంట్లోనే బాగుచేసుకుంటారు. అరిగిన రబ్బరు రింగులు మారుస్తారు, పాత బల్బుల చోట ఎల్‌ఈడీలు పెడతారు. కానీ పని తెలిసినవారు మొదట చూసేది లోపలి బ్యాటరీలను. కరెంటు లేనప్పుడు కూడా పాత స్కోర్లు చెరిగిపోకూడదని అమర్చినవే అవి. ఏళ్ల తరబడి అలాగే ఉంచితే, కారి, పక్కనున్న సర్క్యూట్ బోర్డునే తినేస్తాయి. అప్పుడు బ్యాటరీలు తీసేయాలి, కారిన క్షారాన్ని వెనిగర్‌తో తుడవాలి, తెగినచోట అతకాలి. ఆపైన బ్యాటరీ అక్కరలేని మెమరీ చిప్ పెట్టుకుంటారు.

ప్రియులారా, మీరు ఎవరి లెక్క దాచుకున్నారు? ఆస్తి పంపకాల్లో తోడబుట్టినవాడు చేసిన అన్యాయమా? పెళ్లిలో వియ్యాలవారు చేసిన అవమానమా? ఆ పగ వారిని కాదు, మిమ్మల్నే తింటుంది. ఆదివారపు తెల్లబట్టలు పైదీపాలే. జరిగినది అన్యాయం కాదని దేవుడు అనడు. ఆ లెక్క తనకు అప్పగించమంటాడు (రోమా 12:19). మన లెక్కను సిలువమీద కొట్టివేసినవాడు ఆయనే (కొలొస్సీ 2:14). ఈ రాత్రి ఆ వ్యక్తిని పేరు పెట్టి ప్రార్థించండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.