పటాలపు కొట్టు నుండి పట్టణపు బజారునకు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగము)



సైన్యమనగానే మన కన్నుల యెదుట తుపాకి నిలుచును. ఆ తుపాకి పట్టినవాని కంచములోనికి అన్నమును, ఒంటిమీదికి ఉన్నిబట్టను, తుపాకిలోనికి తూటాను ఎవరు చేర్చిరని మనము అడుగము. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ చేర్చినవానిని గూర్చి. అంతకంటెను, చేర్చుట ముగించి ఇల్లు చేరినవానిని గూర్చి.

లడఖు త్రోవలో జోజిలా కనుమ సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. శీతకాలమున మంచు దానిని మూసివేయును. మూయకముందే లారీలు బియ్యము, పప్పు, నూనె, కిరసనాయిలు, మందులు, బూట్లు, మందుగుండు కొండకెక్కించి నిలువ చేయవలెను. ఎందరికి, ఎన్ని దినములకు, ఎంత కావలయునో ముందుగా లెక్కకట్టనిచో జనవరి నెలలో దిద్దుకొనుటకు వీలులేదు. ఆహారము, ఇంధనము ఆర్మీ సర్వీస్ కోర్ వారి వంతు. వస్త్రములు, ఆయుధములు, విడిభాగములు ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ వారి వంతు. ఈ రెండవదాని శిక్షణకేంద్రము మన సికిందరాబాదులోనే యున్నది. ఆ గోడ ప్రక్కగా బస్సులో పోవువారు లోపల కవాతు మాత్రమే జరుగునని తలంతురు. సరకును ఎట్లు లెక్కింపవలెనో, ఎట్లు పేర్చవలెనో, ఎట్లు పంపవలెనో నేర్పుటయు అచట జరుగుచున్నది.

దేశమున ఏటేట సుమారు 60,000 మంది త్రివిధ దళముల నుండి విడుదలయగుచున్నారు. వారిలో అధికసంఖ్యాకుల వయస్సు 35కును 45కును నడుమ. పిల్లలు బడిలో నుందురు, తల్లిదండ్రులు మంచమునకు దగ్గరగుచుందురు, ఇల్లు గోడల వరకు లేచి యాగియుండును. వీరిని గూర్చి విశ్రాంతి యను మాట వాడుట మాకు నచ్చదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును లోకము మిలిటరీ మాధవరమని పిలుచుచున్నది. అట్టి గ్రామములలోని వారి నడుగుడు, పింఛను వచ్చిన మరునాటి ఉదయము ఎంత పొడవుగా నుండునో చెప్పెదరు.

ఇట్టివాడు పట్టణమునకు వచ్చి పని యడిగినప్పుడు వర్తకుడు మర్యాదగానే మాటాడును. “సుబేదారుగారూ, మా గేటు దగ్గర కూర్చుండగలరా?” అనును. కాపలా పని నీచమని మేము అనుట లేదు. దానితో బ్రదుకు గడుపుకొను గౌరవనీయులెందరో కలరు. మా బాధ వేరు. ఆ గేటు వెనుక గిడ్డంగి యున్నది. అందు ముందు వచ్చిన సరకు అడుగున పడి మురుగుచుండును, నిన్న వచ్చినది పైనుండి అమ్ముడు పోవుచుండును. చిట్టాలో నూరు పెట్టెలుండును, గదిలో తొంబదియారుండును. దీనిని నెలలో చక్కబెట్టగలవాడు వెలుపల ఈల పట్టుకొని నిలుచుండును!

ఈ విద్య యుద్ధమునకు మాత్రమే పుట్టినదని యెవరైన అనుకొన్నచో పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుడని యొక యధికారి కలడు. ధాన్యము, నూనె, బెల్లము, ఉప్పు నిలువచేయుట వాని పని. నిలువలో సగమును ప్రజల ఆపత్సమయమునకై యుంచి తక్కిన సగమును వాడవలెననియు, క్రొత్తది రాగానే ప్రాతదానిని మార్చుచుండవలెననియు వానికి విధి. ఆయుధాగారమునకు వేరొక యధ్యక్షుడు, విక్రయమునకు ఇంకొకడు. ముగ్గురును ఒకే పాలనలోని కొట్లవారు. నేటి గిడ్డంగులలో “ముందు వచ్చినది ముందు పోవలెను” అని గోడకు వ్రాసిపెట్టు సూత్రము ఆ ప్రాత విధికి దగ్గరి చుట్టమే.

మన దక్కనులోనే మరియొక నిదర్శనము కలదు, అది కొంచెము చేదైనది. మొగలుసేనలకును, తరువాతి కాలమున నైజాము, ఇంగ్లీషు సేనలకును ఎడ్లమీద ధాన్యము మోసినవారు బంజారాలు, మనము లంబాడీలని పిలుచువారు. సేన కదలనప్పుడు వారే తీరమునుండి ఉప్పును లోపలి సీమలకు, లోపలినుండి ధాన్యమును బజారులకు చేర్చుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దమున రైలు వచ్చినది. ఎడ్లబారులతో పని తీరినది. ఏ బావిలో ఏ నెల నీరుండునో, ఏ సంతలో ఏ సరకు పలుకునో యెరిగిన ఆ జనమును మరియే పనికి పిలువవచ్చునని దొరతనము ఆలోచింపలేదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద కొన్ని ప్రాంతములలో వారిపై నేరస్థులను ముద్ర వేసినది. ఆ చట్టము 1952లో గాని రద్దు కాలేదు. పని తీరినవారిని మరచుట ఎంత దూరము పోగలదో ఇది చూపుచున్నది.

ఇక అమెరికా సంగతి. 1946లో వైమానిక సేనయొక్క గణాంక శాఖలో పనిచేసిన పదిమంది యువకాధికారులు టెక్స్ థార్న్‌టన్ అనువాని నాయకత్వమున కలిసికట్టుగా ఫోర్డు మోటారు సంస్థకు పోయిరి. విమానములు, విడిభాగములు, మనుష్యులు ఎచట నెందరు, ఎన్ని యని లెక్క చూచుట వారి యుద్ధకాలపు పని. నష్టములో మునిగియున్న రెండవ హెన్రీ ఫోర్డునకు కావలసినదియు అదే. ఆ పదిమందిలో ఇద్దరు తరువాత ఆ సంస్థకు అధ్యక్షులైరి. అందొకడగు రాబర్టు మెక్‌నమారా 1961లో రక్షణమంత్రియై వియత్నాము యుద్ధమును గూడ అంకెలతో కొలువబోయి భంగపడిన కథ వేరు. లెక్కకు అందనిది లెక్కలవానికి కనబడదేమో యని మాకొక యనుమానము. 1990-91 గల్ఫు యుద్ధమున సరఫరాలు నడిపిన పగోనిస్ అను సేనాని 1993లో సియర్సు అను పెద్ద దుకాణముల సంస్థలో సరకు రవాణాకు పెద్ద యయ్యెను.

వారందరు అధికారులు, వారి మాట వినుటకు గుమ్మములు తెరచియుండును. మా చింత హవల్దారును గూర్చి. వానికిని వారికిని గల భేదము తెలివిలో లేదు, కాగితములో నున్నది. వాని విడుదల పత్రముమీద “స్టోర్ కీపర్ టెక్నికల్” అని యుండును. క్రింద పటాలపు పొట్టి యక్షరములు బారులు తీరియుండును. వర్తకుని గుమాస్తా అది చదివి ఏమి గ్రహింపగలడు? అదే సంగతిని “మోటారు విడిభాగముల కొట్టును పదునేడేండ్లు చూచితిని, ప్రతి అరకు బిన్ కార్డు నడిపితిని, ఆవర్జాకును అరకును తేడా వచ్చిన దినమున తెలియజేసి కారణము వెదకితిని, ఏటేట తనిఖీకి నిలిచితిని, నా క్రింద పన్నెండుగురు పనిచేసిరి” అని వ్రాసినచో, మందుల కర్మాగారపు యజమాని తలయెత్తి చూచును. మాత్రల పెట్టెకు బ్యాచి సంఖ్య, గడువు తేది ఎట్లో, మందుగుండు పెట్టెకు లాటు సంఖ్య, నిలువకాలము అట్లే. ఐతే ఒక హెచ్చరిక: ఏ స్థలమున ఎంత మందుగుండు కలదో మాత్రము వ్రాయరాదు. పని తీరు చెప్పవచ్చును, రహస్యము చెప్పరాదు.

వర్తకుని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. పటాలము నేర్పనివి కొన్ని కలవు. కొండమీది కొట్టులో కొరత పాపము. మూడు నెలల సరకు అదనముగా నుండుట వివేకము. విజయవాడ వన్‌టౌన్‌లో అదే అదనము బ్యాంకు వడ్డీయై యజమానిని తినును. ఈ మార్పు చెప్పినంత తేలిక కాదు. ఇరువదియేండ్ల అలవాటు చేతివ్రేళ్ళలో నుండును. (2020లో మహమ్మారి వచ్చి దారులు మూతపడినప్పుడు పలుచని నిలువ పెట్టుకొన్న వర్తకులు ఎట్లు అల్లాడిరో కూడ మేము చూచితిమి. కాబట్టి ప్రాత అలవాటును పూర్తిగ విడువుమని చెప్పము.) పటాలమున హుకుము చాలును. బజారులో లారీడ్రైవరు మన క్రిందివాడు కాడు. గుత్తదారుని మనిషి, కోపము వచ్చినచో ఫోను కట్టివేయును. మరి 2017 జూలై 1 నుండి జీ.ఎస్.టీ. కలదు. 2018 ఏప్రిల్ నుండి రాష్ట్రముల సరిహద్దు దాటు సరకు 50,000 రూపాయల విలువ మించినచో ఈ-వే బిల్లు లేనిదే కదలరాదు. ఈ పన్ను కాగితములు, ట్యాలీ లెక్కలు నేర్చుకొనుటకు కొన్ని నెలలు చాలును. బిన్ కార్డు నడిపినవానికి అది పరాయి విద్య కాదు. విడుదలకు ముందే శిక్షణ నిప్పించుటకు పునరావాస డైరెక్టరేటు కలదు, జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు కలవు. ఆఖరి యేడు వరకు ఆగక మునుపే అడుగవలెను.

డబ్బు మాట యొకటి గట్టిగా చెప్పవలసియున్నది. ఒక్కసారిగ చేతికి వచ్చు మొత్తమును చూచి స్థలముల దళారులు, చీటీలవారు, దూరపు బంధువులు వత్తురు. సరఫరాశాఖ మనిషికి వేరొక వల కలదు. లారీలు తెలిసినవాడు గనుక ఒక లారీ కొనును. లారీ నడుపుట తెలియును, తిరుగుప్రయాణమున లోడు దొరకుట తెలియదు. ఖాళీగా వచ్చిన ప్రతి మైలును వాయిదా సొమ్మునుండి కోసుకొనవలెను. మొదట రెండేండ్లు పరుల రవాణా కొట్టులో జీతమునకు పనిచేసి, లోడు ఎవరి చేతిలో నుండునో చూచిన తరువాత లారీ మాట తలపెట్టవలెనని మా యభిప్రాయము. జీతము మాట వచ్చినప్పుడు “మీకు పింఛను కలదు గదా!” అని తగ్గించు యజమానులు కలరు. పింఛను జరిగిపోయిన సేవకు, జీతము జరుగబోవు పనికి. ఈ మాట నెమ్మదిగా, నవ్వుచునే చెప్పవలెను.

ప్రభుత్వపు కొలువుల సంగతి త్వరగా చెప్పెదము. కేంద్ర ప్రభుత్వపు గ్రూపు-సి ఉద్యోగములలో నూటికి 10, బ్యాంకులలోను ప్రభుత్వరంగ సంస్థలలోను 14.5 వంతున మాజీ సైనికులకు కేటాయింపు కలదు. మెట్రిక్యులేషను చదివి 15 ఏండ్లు సేవ చేసినవారిని, సాంకేతికానుభవము కోరని ఇట్టి ఉద్యోగములకు పట్టభద్రులతో సమానముగ పరిగణింతురు. వయస్సులో సేవాకాలమును తీసివేసి, మీదుమిక్కిలి మూడేండ్లు సడలింతురు. ఇంత యున్నను ప్రకటన చూచువాడు లేక, పరీక్షకు చదువువాడు లేక ఖాళీలు మిగిలిపోవుచున్నవి.

2022లో అగ్నిపథ పద్ధతి ప్రకటింపబడిన తరువాత ఈ ప్రశ్న మరింత తొందర పెట్టుచున్నది. నాలుగేండ్లకు తీసికొని, నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని పంపివేయుట ఆ పద్ధతి. పెక్కురు ఇరువదియైదేండ్లైనను నిండకమునుపే పింఛను లేక, కొంత నిధితో ఇల్లు చేరుదురు. ఆ పద్ధతి మంచిచెడ్డలు వేరొకనాడు చర్చింతము. కొట్టులో నాలుగేండ్లు చేసినవానికి ఏ పని పేరు పెట్టి పిలుతుమో మాత్రము ఇప్పుడే తేల్చుకొనవలసియున్నది.

ఈ గ్రంథాలయమువారిని మేము కోరునది చిన్నది. వారమున కొక సాయంకాలము ఆ మూల బల్లను ఖాళీ చేసియుంచుడు. విడుదలయై వచ్చినవాడు తన పత్రముతో వచ్చును. బడిపంతులుగారొకరు, గిడ్డంగి వర్తకులొకరు ప్రక్కన కూర్చుండి దానిని బజారు భాషలో తిరిగి వ్రాయుడు. కేటాయింపు ప్రకటనలను ఆ గోడమీదనే అంటింపుడు. వర్తకులారా, మిమ్ము కోరునది ఇంకను చిన్నది: ఒక్క నెల, కూలి యిచ్చి, ఆ మనిషిని గేటు లోపలికి రానిండు. అరల మధ్య వదలి, చిట్టా చేతికిండు. ఉద్యోగము సంగతి ఆ నెల తరువాత మాటాడుకొనవచ్చును.