పొలము గట్టు మీది కూర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



“బతికియుండిన బలుసాకైనను తినవచ్చును” అను సామెత నెరుగని తెలుగువారుండరు. ఉన్నదెల్ల పోయినను ప్రాణము నిలిచిన చాలునని దాని భావము. అయితే బలుసు చెట్టును చూపుమనిన నేడు చూపగలవారెందరు? మెట్ట నేలలలోను, డొంకల ప్రక్కను ముండ్లతో గుబురుగా పెరుగు చిన్న పొద అది. దాని లేత ఆకు పప్పులోనికి వచ్చును; పండ్లను పశువుల కాపరులు కోసికొని తిందురు. సామెత ఊరూరను నిలిచియున్నది. చెట్టును గుర్తింపగల కన్నులు మాత్రము తరిగిపోవుచున్నవి. మాట మిగిలి వస్తువు మరుగుపడుటయే ఈనాటి ప్రసంగమునకు విషయము.

విత్తనము చల్లక, నీరు కట్టక, ఎరువు వేయక భూమి తనంతట తానిచ్చు కూరలు మన నేలలో అనేకములు కలవు. తొలకరి వానలు పడిన కొలది దినములకే చేలలో చెంచలి, గునుగు, తుమ్మి, పాయలకూర, చిలుక తోటకూర, తగిరిస తలలెత్తును. కాలువ గట్టులమీదను, చెరువు క్రింది తడినేలలందును పొన్నగంటి ప్రాకును. వానకాలమున కంచెలపై ఆకాకర కాయును. ప్రతి కూరకును ఒక అదను కలదు. ఒకటి ముదురుసరికి మరియొకటి లేతగా చేతికి వచ్చును. ఈ వరుస తెలిసిన ఇల్లాలికి సంత దూరమైనను కూరకు కొదువ యుండెడిది కాదు.

ఈ మొక్కలు పేదల కూటిలోనే గాక పండుగలలోను చోటు సంపాదించినవి. తెలంగాణములో వినాయక చవితినాడు తుమ్మికూర వండుట ఆచారము. తంగేడుతో కలిపి బతుకమ్మను పేర్చు గునుగు పువ్వు ఏ మొక్కదో ఆ మొక్క లేత ఆకే వానకాలపు కూర. శ్రావణమున కంచములో నున్నది ఆశ్వయుజమున తాంబాలములో పూవై నిలుచును.

రైతు వీనినన్నిటిని కలిపి కలుపు అనును. అతనికి ఆ మాట న్యాయమే. పైరు బలమును అవి లాగుకొనునుగదా. కాని కలుపు తీయు కూలి స్త్రీ చూపు వేరు. ఆమె వరుస వెంట కూర్చుండి పెరుకుచు, ముదురు మొక్కను గట్టున పడవేసి, లేతదానిని ఒడిలో వేసికొనును. ప్రొద్దు గ్రుంకువేళకు కూలి డబ్బుతోబాటు ఒడినిండ కూర ఇల్లు చేరును. అది కొంత పప్పులోను, కొంత పోపులోను పడి, జొన్నరొట్టెకో సంకటికో తోడగును. ఆ ఆకుకు ఏ రైతును వెల అడుగలేదు. అది ఎవరును వ్రాయని ఒప్పందము.

ఇటీవలి దశాబ్దములలో కలుపు మందులు వచ్చినవి. రైతును నిందింప పనిలేదు. అదనులో కూలీలు దొరకకుండుటయు, సేద్యపు ఖర్చు పెరుగుటయు అతని కష్టములు. అయినను మందు చల్లిన చేనిలో ఆ స్త్రీకి పోయినవి మూడు. ఒకటి కూలి; రెండవది కూర. మూడవది పైకి కనబడనిది: తల్లి వరుసలో కూర్చుండి మొక్కను చూపి పేరు చెప్పగా, ప్రక్క వరుసలో కూతురు నేర్చుకొనెడి చదువు. ఆ బడికి గోడలు లేవు గనుక అది మూతపడినట్లు ఎవరికిని తెలియలేదు.

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ గ్రామ స్త్రీల సంఘములతో పనిచేయుచున్నది. అచ్చటి దళిత స్త్రీలు మందులు లేని మెట్ట చేలలో చిరుధాన్యములు, పప్పుధాన్యములు కలిపి పండించుచు, విత్తకయే మొలచు కూరలను ఆహారముగా లెక్కించి, వాని పేర్లను, వాడుకలను లోకమునకు తెలియజేసిరి. ఆ స్త్రీ సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము లభించినది. చదువురాని వారి జ్ఞానమునకును విలువ కలదనుటకు ఇది నిదర్శనము.

ఈ కూరలు ఆకలి తీర్చుటకు మాత్రమే అని తలపరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహార పట్టికలలో పొన్నగంటికి చోటు దొరకినది. పాయలకూరలో శరీరమునకు మేలుచేయు ఒమేగా-3 కొవ్వు ఇతర ఆకుకూరలకంటె హెచ్చుగా నున్నదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఆకుకూరలొక్కటే ఆ లోపమును మాన్పునని చెప్పరాదు. కాని కంచములోనికి రావలసిన ఆకు గట్టున ఎండిపోవుట మంచిది కాదు.

ఇక హెచ్చరిక. అడవిలో పెరిగినదెల్ల తినదగినది కాదు. ఉమ్మెత్త, గన్నేరు వంటి విషపు మొక్కలు కూరాకుల చెంతనే పెరుగును. తూర్పు కనుమల కొండవారు కొన్ని చేదు దుంపలను సన్నగా తరిగి, ఉడికించి, పారు నీటిలో నానవేసి, విషము పోయిన పిదపనే తిందురు. ఆ పద్ధతి తెలియక దుంపను మాత్రము ఎరిగినవాడు ప్రమాదమున పడును. పాయలకూరలో పులుపు లవణము లెక్కువ గనుక మూత్రపిండములలో రాళ్లున్నవారు మితము పాటింపవలెను. మందు చల్లిన చేనికూర, మురుగు కాలువ ఒడ్డు కూర ఎవరును ముట్టరాదు. పేర్లలోను చిక్కు కలదు: గలిజేరు అను పేరు ఒక ఊర ఒక మొక్కకును, వేరొక ఊర మరియొక మొక్కకును చెల్లును. కావున పేరు విని కోయరాదు. ఎరిగిన పెద్దల చేత మొక్కను చూపించుకొని, నిస్సందేహమైన పిదపనే కోయవలెను.

మరి ఆ పెద్దలు లేని నాడు?

పూర్వము రాక్స్‌బరో అను వైద్యుడు 1781 మొదలు కొన్ని సంవత్సరములు సామర్లకోటలో నుండి కోస్తాలోని మొక్కలను పరిశీలించెను. మన దేశపు చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. తన గ్రంథములలో మొక్కల తెలుగు పేర్లను చేర్చెను. ఆ పేర్లు ఆయన కల్పించినవి కావు. ఈ నేలమీది వారి నోటినుండి వచ్చినవే. చెప్పినవారి పేర్లు నేడెవరికిని తెలియవు. వారు చెప్పినది మాత్రము కాగితమున నిలిచినది. 1852లో వెలువడిన బ్రౌను దొర నిఘంటువులోను ఇట్టి మొక్కల పేర్లు కలవు. పరదేశీయులు చేసిన ఆ పని ఊరివారికి అసాధ్యమా?

గ్రంథాలయము చేయగలిగిన పని ఇచ్చటనే కలదు. అచ్చుపడిన పుస్తకమును తెచ్చి బీరువాలో నుంచుట సగము పని. అచ్చు కాని విద్యను వ్రాసి పెట్టుట తక్కిన సగము. ఒక లావుపాటి నోటుపుస్తకము చాలును. బడి పిల్లలు తమ ఇంటి అవ్వల వెంట వానకాలమున చేలకు పోయి, ఒక్కొక్క మొక్కను వ్రేళ్లతో పువ్వుతో తెచ్చి, పాత పత్రికల నడుమ అదిమి ఆరబెట్టి, పుటకొకటి చొప్పున అంటింపవలెను. దాని క్రింద ఊరిలో పిలుచు పేరు, దొరకు చోటు, నెల, వండు విధము, చేయు కీడు, చెప్పిన అవ్వ పేరు వ్రాయవలెను. ఈ పనికి చందా అక్కరలేదు. ఒక వానకాలపు ఓపిక చాలును.

ఇరువది యైదేండ్లుగా ఈ ఊరివారు గ్రంథాలయమునకు వచ్చి చదువుకొనిరి. ఇకమీదట గ్రంథాలయమే ఊరివారి యొద్దకు పోయి చదువుకొనవలసిన పాఠమొకటి కలదు. అది కలుపు వరుసలలో వంగి పనిచేసిన ముదుసలుల నోట నున్నది. వచ్చు తొలకరికి వారందరును ఉందురని ఎవరు చెప్పగలరు?